మొదటి వంతు ఉప్పు

ఒక చిన్న మాట ఏళ్ళ తరబడి నా గొంతులో కూర్చుని ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. రోజూ అన్నం ముద్ద దాని పక్కనుంచే దిగుతుంది. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు సౌకర్యం.

దీన్ని తెలుగు అక్షరాల్లో ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. లేకపోతే నన్ను భాషాభిమాని అనుకోగలరు. కోయంబత్తూరు అంచున, తుడియలూరులో ఉన్న మా వీధి వీధంతా ఇళ్ళలో తెలుగే మాట్లాడుతుంది. చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. బడిలో తమిళం, పనిలో ఇంగ్లీషు. మా ఆయన చిత్తూరు మనిషి. బతికున్న రోజుల్లో పంతంపట్టి నాకు ఈ అక్షరాలు నేర్పాడు. అంటే, నేను ఎవరికి అన్యాయం చేశానో వాళ్ళు చదవలేని లిపి వెతుక్కుని మరీ ఒప్పుకుంటున్నాను. నా ధైర్యం ఇంత మాత్రమే. నవ్వుకోండి, నాకేం బాధ లేదు.

మా వాళ్ళ గురించి రెండు ముక్కలు. ఎప్పుడో రాజుల కాలంలో ఇటు వచ్చామని ప్రతి పెళ్ళి పంక్తిలోనూ చెప్పుకుంటాం. ఎవరూ అడగరు, అయినా చెప్పుకుంటాం. అప్పటి పొలాలు పోయి ఇప్పుడు పంపుల వర్క్‌షాపులు వచ్చాయి. ఒక సంఘం ఉంది. సంఘానికి మహిళా విభాగం ఉంది. దానికి కార్యదర్శిని నేనే. ఎవరింట్లో ఏం జరిగినా ముందు నాకు కబురొస్తుంది, తర్వాత డాక్టరుకి వెళుతుంది.

నాకు పిల్లలు లేరు. మా అన్న కొడుకు ప్రభుని నేనే పెంచాను. బాగా పెంచానని చెప్పను. వాడు అడిగింది లేదనకుండా పెంచాను, అంతే. కొన్నేళ్ళ కిందట వాడి స్నేహితుడి పెళ్ళికి వీధి మలుపులో ఫ్లెక్సీ కట్టారు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఒక మూల బొటనవేలంత ఉన్నారు. మిగతా అంతా ప్రభూ వాడి జట్టే, నల్ల కళ్ళద్దాలతో, చేతులు కట్టుకుని, దేశాన్ని జయించి వచ్చినట్టు. అది వెనక వీధికి, అంటే పాత మిల్లు కూలీల లైను ఇళ్ళకి, దారి మూసేసింది. అక్కడి కుర్రాళ్ళెవరో దాన్ని మధ్యకి చీరేశారు. దీనికోసం సాయంత్రం రెండు వీధుల మగపిల్లలూ మలుపులో చేరి కొట్టుకున్నారు. ఒక గుడ్డ ముక్క మీద అచ్చేసిన మొహాల కోసం!

మా వీధిలో రవికలు కుట్టే సరోజ కూతురు యమున ఆ వేళకే బస్సు దిగింది. పీలమేడులో కాలేజీ రెండో ఏడు చదువుతోంది. ఆ పిల్లకి ఏ జట్టుతోనూ పని లేదు. పుస్తకాల సంచి గుండెకి హత్తుకుని గోడవారగా ఇంటికి పోతోంది. మా అన్న వర్క్‌షాపు గేటు పక్కన పోతపోసి పాడైన ఇనప ముక్కల కుప్ప ఉంటుంది. అందులోంచి ఒక ముక్క లేచి వచ్చి ఆమె ఎడమ కంటికి తగిలింది.

నేను కారులో ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. సరోజ ఎవరికో రవికలు ఇవ్వడానికి వెళ్ళి ఇంకా రాలేదు. మంచం పక్కన నేనూ, తలుపు దగ్గర ఒక కానిస్టేబులూ. అప్పుడు యమున నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు గట్టిగా ఉంది. మత్తు ఇంకా ఇవ్వలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత దీని గురించే నేను అబద్ధమాడతాను.

"మీవాడే అత్తా," అంది. "నేను చూస్తిని."

నొప్పిలో మనిషికి ఇంటి భాషే వస్తుంది. కానిస్టేబుల్ తమిళుడు, అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. పిల్ల ఏం చెబుతోందమ్మా అని తమిళంలో నన్ను అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా తడబడలేదు. "తెరియలైయాం సార్. ఇరుట్టా ఇరుందుదాం," అన్నాను. తెలియడం లేదట, చీకటిగా ఉందట అని. అప్పటికి చీకటే పడలేదు. అతను అది కూడా ఆలోచించకుండా తల ఊపి వెళ్ళిపోయాడు.

ఎందుకన్నాను? ప్రేమ అని చెప్పుకోవాలని ఉంది. వాడికి కినత్తుకడవులో కొబ్బరి తోటల వాళ్ళ సంబంధం నేనే కుదిర్చాను. నిశ్చితార్థానికి చీర కూడా కొనేశాను. అది ప్రేమేనా, లేక నేను కుదిర్చిన సంబంధం చెడితే నా మాట పోతుందనా? ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నా రెండోదే పైకి తేలుతుంది. నన్ను నేను ఎంత వెతికినా, ఆ గదిలో ఆ పిల్ల కంటి గురించి ఆలోచించిన క్షణం ఒక్కటి కూడా నాకు దొరకలేదు.

ఇంతవరకే అయితే భయంలో జారిన అబద్ధం అని సర్ది చెప్పుకోవచ్చు. తర్వాత చేసింది భయంతో చేసింది కాదు.

మాలో ఒక ఆచారం ఉంది. కష్టం వచ్చిన ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వం. వీధి వంతులు వేసుకుని అన్నం పంపుతుంది. మొదటి వంతు ఇల్లు అన్నంతో పాటు గుప్పెడు కల్లుప్పు కూడా తెచ్చి ఆ ఇంటి ఉప్పుజాడీలో కలుపుతుంది. కలిపాక ఆ రెండు ఇళ్ళ మధ్య ఫిర్యాదు అనేది ఉండకూడదు. జాడీలో ఉప్పు ఏది ఎవరిదో ఏరలేరు కదా అంటారు. తాతల నాడు పొలంగట్ల తగవులు తీర్చడానికి పెట్టుకున్నట్టున్నారు. వంతులు వేసేది నేను. సాధారణంగా పక్కింటితో మొదలుపెడతాను. ఆ రోజు ఆసుపత్రి నుంచి నేరుగా మా అన్న ఇంటికి వెళ్ళి, మొదటి వంతు మీదే అని మా వదినతో చెప్పాను. పాపం, ఆమెకి ఏమీ తెలియదు. రసం కాచి, అన్నం వండి, ఉప్పు కొంగున కట్టుకుని వచ్చింది. సరోజ రెండు చేతులూ జోడించింది. జాడీ మూత తీసి పట్టుకున్నది నేను.

మర్నాటి నుంచి వీధి మంచితనం మొదలైంది. అది చూసి తీరాలి. అంతకుముందు ఆ తల్లీకూతుళ్ళు ఎవరికి కావాలి? మొగుడు వదిలేసి పోయిన ఆడది అని సరోజని పసుపు దంచడానికి కూడా పిలిచేవాళ్ళం కాదు. రవిక అర్జంటుగా కావాలంటే మాత్రం గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలిచేవాళ్ళం. ఇప్పుడు ఆమె "మన సరోజ" అయిపోయింది. రక్తం ఇవ్వడానికి కుర్రాళ్ళు వరసకట్టి, సూది గుచ్చిన చేతుల ఫొటోలు ఊరంతటికీ పంపారు. వరసలో ముందున్నది ప్రభు. కొవ్వొత్తులు పట్టుకుని ఊరేగారు. యమున ఫొటోతో, మా సంఘం పేరుతో, అదే మలుపులో అదే కొయ్యలకి మళ్ళీ ఫ్లెక్సీ కట్టారు. ఎవరికీ సిగ్గనిపించలేదు. నాకు అనిపించిందా? ఫొటో ఏది బాగుందో ఎంచింది నేనే.

ఇదంతా ఆ పిల్ల మీద ప్రేమే అయితే నేనింత వెక్కిరించను. లైను ఇళ్ళ వాళ్ళే కొట్టారని అందరూ నమ్మారు. ఆ నమ్మకమే వాళ్ళకి అంత ఉత్సాహం ఇచ్చింది. కొట్టింది మనవాడని తెలిస్తే కొవ్వొత్తులు పెట్టెలోంచి బయటికి వచ్చేవి కావు. చివరికి లైను ఇళ్ళలో లేతు మిషను పని చేసుకునే మురుగన్ అనే కుర్రాణ్ణి పోలీసులు పట్టుకెళ్ళారు. సాక్ష్యం లేక కేసు తర్వాత నీరుగారిపోయింది గానీ అప్పటికి అతని పని పోయింది, తల్లి మంచం పట్టింది, ఒకరోజు ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయారు. మా వీధి పీడ వదిలిందని చెప్పుకుంది. ఆ మాట అన్నవాళ్ళకి కాఫీ కలిపి ఇచ్చాను నేను.

యమున ఇంటికి వచ్చింది. ఎడమ కన్ను దక్కలేదు. మా వైపు పిల్లల్ని ముద్దుగా "కన్ను" అని పిలుస్తారు. ఆమె ఎదురుగా ఆ పిలుపు నోటిదాకా వచ్చి అందరూ మింగేసేవాళ్ళు. కొంచెం కోలుకున్నాక ఒక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చింది. నేను చింతపండు గింజలు తీస్తున్నాను. పక్కన కూర్చుని తనూ తీయడం మొదలుపెట్టింది. గింజలు తీస్తూనే అడిగింది.

"అత్తా, ఆసుపత్రిలో మీతో నేను ఏమైనా చెప్తినా?"

"ఏం చెప్తివని?"

"ప్రభు అన్న ఆ ఇనప ముక్క ఏసినాడని. చెప్పినట్లే ఉండాది నాకి. అమ్మతో అంటే నా నోరు మూసేసింది. వాళ్ళింటి ఉప్పు మన జాడీలో ఉండాది, పేరు ఎత్తవద్దని ఏడ్చింది. నేను నిజంగా చూస్తినా, లేక మత్తులో అట్ల అనుకుంటినా? మీరు పక్కనే ఉంటిరి గదా. మీరు చెప్పండి. మీరు ఆమా అంటే నేను స్టేషనుకి పోతాను."

చూశారా, ఎంత సులువుగా నా చేతిలో పెట్టిందో. అవును అన్న ఒక్క మాట చాలు. ఉప్పు ఏమవుతుంది, సంబంధం ఏమవుతుంది, అన్నీ తర్వాత సంగతి. నేను చింతపండు కింద పెట్టాను. ఆమె జుట్టు సరిచేశాను.

"నువ్వేమీ చెప్పలేదమ్మా," అన్నాను. "నీకి మత్తు ఇచ్చిండ్రి. అమ్మా అమ్మా అని మూలిగితివి, అంతే. మత్తులో లేనిది ఉన్నట్లు తోస్తుంది. మనసులోనుంచి తీసెయ్యి."

"సరి అత్తా," అంది. మిగిలిన గింజలన్నీ తీసి, నీళ్ళు తాగి వెళ్ళింది. నన్ను నమ్మింది.

మొదటి అబద్ధంతో నా మేనల్లుణ్ణి కాపాడాను. ఈ రెండో అబద్ధంతో ఆ పిల్లకి తన బుర్ర మీద తనకున్న నమ్మకం తీసేశాను. ఒక కంటితో ఆమె చదివింది, పీలమేడులోనే కంప్యూటర్ ఆఫీసులో మంచి ఉద్యోగం చేస్తోంది, స్కూటీ కూడా నడుపుతుంది. కానీ ఇల్లు తాళం వేశాక తాళానికి ఫోనుతో ఫొటో తీసుకుంటుంది. గ్యాసు కట్టేసి దానికీ ఫొటో తీసుకుంటుంది. ఆఫీసులో ఎవరైనా నువ్విలా అన్నావు అంటే, అనకపోయినా, అన్నానేమో అని క్షమాపణ అడుగుతుంది. మంచి సంబంధం వచ్చింది, మాట్లాడింది, నచ్చాడంది. వారం తిరక్కుండా, నాకు నిజంగా నచ్చాడో లేదో నాకే తెలియడం లేదని వద్దనేసింది. కంటి దెబ్బ తలకీ తగిలింది కదా, అదే కారణమని వీధి జాలిపడుతుంది. తలకి తగిలింది నా మాట.

ఇందులో అన్నిటికంటే నీచమైనది ఏమిటంటే, సందేహం వచ్చినప్పుడల్లా ఆమె నన్నే అడుగుతుంది. నేను అబద్ధం చెప్పనని ఆమె నమ్మకం. ఆమె జ్ఞాపకానికి నేను కాపలాదారుని.

ప్రభు కినత్తుకడవులో అత్తవారి తోటలు చూసుకుంటూ లావెక్కాడు. పండక్కి వచ్చినప్పుడు యమునకి స్వీటు పెట్టె తెస్తాడు, చెల్లెమ్మా అని పిలుస్తాడు. వాడితో నేను ఈ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాకు తెలుసని వాడికి తెలుసు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా కాఫీ తాగడం బాగా నేర్చుకున్నాం. వచ్చే ఆదివారం సంఘం నాకు సన్మానం చేస్తుందట. దిక్కులేని పిల్లని వీధి బిడ్డగా నిలబెట్టిన తల్లి అని ఆహ్వాన పత్రికలో వేయించారు. శాలువా కప్పేది యమున. ఒప్పుకున్నాను. సిగ్గులేని వాళ్ళని ఇంతసేపు తిట్టాను కదా, వాళ్ళందరికీ నేనే కార్యదర్శిని.

మరి ఇప్పుడు ఎందుకు రాస్తున్నాను? పొద్దున ఆమె ఫోన్ చేసింది.

తన గొడుగు మా ఇంట్లో పెట్టి మరిచిందా అని అడిగింది. మీ ఇంట్లోనే పెట్టినట్లు ఉంది గానీ నమ్మకం లేదంది. తలుపు వెనక చిలక్కొయ్యకి నీలం గొడుగు వేలాడుతోంది. నిన్న నేను చూస్తుండగా తనే తగిలించింది. ఉందమ్మా, ఇక్కడే ఉంది అన్నాను. అటువైపు ఆమె పెద్దగా ఊపిరి వదలడం వినిపించింది. "అట్లయితే నాకి సరిగ్గానే జ్ఞాపకం ఉండాది," అంది. పరీక్ష పాసైన పిల్లలా సంతోషపడింది. ఒక గొడుగు కోసం! ఫోన్ పెట్టేసి, కాగితం తీసుకుని ఇది రాయడం మొదలుపెట్టాను.

రాశాక తేలికగా ఉంది. దాచడం నాకు ఇష్టం లేదు కాబట్టి అది కూడా చెబుతున్నాను. ఇంత చేసి ఈ తేలిక నాకు దక్కడం అన్యాయమే, అయినా దక్కింది. గొడుగు కోసం సాయంత్రం ఆమె వస్తుంది. ఈ లిపి ఆమెకి రాదు, నోటితో చెప్పాలి. చెబుతానా? నా సంగతి నాకు తెలుసు, మీకు మాట ఇవ్వను. కనీసం ఆ వాక్యాలు ఎలా ఉంటాయో ఒకసారి రాసి చూసుకుంటాను.

యమునా, అప్పటికి నీకు ఇంకా మత్తు ఇవ్వలేదు. నువ్వు సరిగ్గానే చూశావు. నాతో చెప్పావు. నేను విన్నాను.