అడిగితే లేదన్నాను

పదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ధనలక్ష్మి నా తోడికోడలు. మాది సత్తెనపల్లి దగ్గర మిరప పండే ఊరు. కాపురానికొచ్చిన ఏడాదికే తను నెల తప్పింది. ఐదో నెలలో నర్సమ్మ ఐరన్ మాత్రలిచ్చింది. అవి మింగిన దగ్గర్నుంచి విరేచనం గట్టిపడిందనేది. అప్పట్లో మా ఇంట్లో మరుగుదొడ్డి లేదు. చీకటి పడ్డాకే చెంబు పట్టుకుని ఊరి బయటికి వెళ్ళాలి. అందుకని కాయ కోతల రోజుల్లో ఆడవాళ్ళం మంచినీళ్ళు కూడా సరిగా తాగేవాళ్ళం కాదు. కడుపుతో ఉన్న పిల్ల, తనూ అలాగే బిగబట్టుకునేది. ఏడో నెలలో నన్ను పక్కకి పిలిచి, విరేచనానికి కూర్చుంటే రక్తం పడుతోందని, నెల రోజులుగా ఇదే వరసని చెప్పింది. వేడి చేసుంటుంది, పచ్చడి మానెయ్, మజ్జిగ తాగు, ఆ మాత్రలు అవతల పారెయ్ అన్నాను. ఎవరడిగారు నా వైద్యం?

తగ్గలేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆసుపత్రికి వెళ్తూ నన్ను తోడు రమ్మంది. మగ డాక్టరు, తను చెప్పుకోలేనంది. నాకు ఊళ్ళో నోరున్న మనిషని పేరు. ఆ ఒక్క మాట నువ్వు చెప్పక్కా అని బతిమాలింది.

డాక్టరు గారు చీటీ రాస్తూ అడిగారు. "ఎక్కడన్నా రక్తం పోతోందామ్మా?"

ధనలక్ష్మి నా వంక చూసింది.

"ఏం లేదండి. బానే ఉందండి," అన్నాను.

ఎందుకన్నాను? వెనక వరసలో మా ఊరి మగాళ్ళిద్దరు నిలబడి ఉన్నారు. కళ్ళంలో కాయలున్నాయి, మబ్బు పట్టింది, త్వరగా ఇంటికి పోవాలి. ఇవన్నీ ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న సాకులు. నిజమేమిటంటే, ఆ మాట నా నోటి వెంట వస్తే వాళ్ళు నన్నేమనుకుంటారోనని సిగ్గేసింది. రోగం ఆ పిల్లది, సిగ్గు నాకు. బస్సులో తను కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తిట్టినా బాగుండేది.

ఆడపిల్ల పుట్టింది. కాన్పులో పోయిన రక్తం అందరికీ పోయేంతే, ఈమె ఒంట్లో ముందే లేదు, తట్టుకోలేకపోయింది అన్నారు డాక్టరు గారు. ఎక్కించడానికి రక్తం దొరికేలోపే ధనలక్ష్మి పోయింది. ఇంతకుముందు నుంచీ ఎక్కడన్నా రక్తం పోతుండేదా అని ఆయన మళ్ళీ అడిగారు. తెలియదండి అన్నాను. మనిషి చచ్చిపోయాక కూడా అదే అబద్ధం.

చాలా ఏళ్ళకి ఒక నర్సమ్మని, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. కడుపు బరువుకీ మలబద్ధకానికీ మొలలు రావడం మామూలేనంది. నీళ్ళు బాగా తాగాలి, ఆకుకూరలు తినాలి, ముక్కకూడదు, మాత్రలు సొంతంగా మానకూడదు. రక్తం కనపడితే మాత్రం మొలలేలే అనుకోకుండా డాక్టరుకి చెప్పాలి, ఒంట్లో రక్తమెంతుందో చూసి వేరే మందిస్తారు, అవసరమైతే ఎక్కిస్తారు. చెప్పడమొక్కటే మన పని అంది.

ఆ పిల్లని నేనే పెంచాను. ఎంత మంచి పెద్దమ్మ అని ఊరు మెచ్చుకుంటుంది. మెచ్చుకున్నప్పుడల్లా నా మీద నాకే ఒళ్ళు మండిపోతుంది. ఎవరన్నా ఊరికే నా వంక చూసినా ధనలక్ష్మే చూస్తున్నట్టుంటుంది. మీ అమ్మ కాన్పులో పోయిందనే చెప్పి పెంచాను.

మొన్న పుట్టినరోజుకి కొత్త గౌను తెచ్చాను. వేసుకోనంది. ఎందుకే అని అడిగాను.

"నేను పుట్టబట్టే గదా పెద్దమ్మా, అమ్మ చచ్చిపోయింది."

పదేళ్ళ పిల్ల. ఏడవలేదు కూడా. ఎన్నాళ్ళుగా అనుకుంటోందో ఆ మాట! తల నిమిరి ఊరుకున్నాను.

నీ వల్ల కాదు తల్లీ. నా వల్ల.

ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది. ఆ పిల్లకి మాత్రం ఇంకా చెప్పలేదు.