రాయి తాకి ఇంటికి

మా అన్నకు ముప్పై ఏళ్లు, బుద్ధి మాత్రం ఐదేళ్ల పిల్లాడిది. పగలంతా కొట్టంలో గుంజకు కట్టేసి ఉంచేవాళ్లు. ఒకసారి ఎవరి మిరప చేలోనో పడి కాయలు తుంచాడట. అంతే, పెదనాయన తీర్పు చెప్పేశాడు, మా నాయన ఆయన మాట జవదాటడు. యుద్ధం రోజుల్లో మా ఆయన మిలిటరీకి పోతే నేను పుట్టింటికి వచ్చాను. వచ్చి చూస్తే అన్న కాళ్లు వాచి, మోకాళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. గోడ పట్టుకుంటే గాని లేవలేడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎద్దుల్ని రోజూ విప్పి తోలుకెళ్తారు గదా, మనిషికి ఆపాటి భాగ్యం లేదా?

మర్నాడు తెల్లవారగానే తాడు విప్పి, చెయ్యి పట్టుకుని చేల మధ్య దొంక దారిన బయల్దేరదీశాను. దొంక చివర ఓ హద్దురాయి ఉంది. మొదట్లో అంత దూరం పోలేకపోయాం. అన్న కూలబడేవాడు, నేను కేకలేసేదాన్ని, మళ్లీ లేచేవాడు. రాయి దగ్గరికి చేరితే దాన్ని చేత్తో తాకాలి. తాకాక ఇంటికి పోయి సజ్జ రొట్టె తినాలి. అదీ నేను పెట్టిన నియమం. జొన్న కంకులు పాలు పట్టే నాటికి అన్న వెనక నేనే పరుగెత్తవలసి వచ్చింది.

ఊళ్లో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. మొగుడు దూరాన ఉంటే దీనికి పిచ్చోడితో షికార్లేందన్నారు. నొక్కుకోనీ, బుగ్గలు వాళ్లవే.

శివరాత్రికి మా ఊరి ప్రభ కోటప్పకొండకు కదిలింది. వెదురు గడలతో కట్టిన అంతెత్తు ప్రభను బండి మీద నిలబెట్టి, ఒరిగిపోకుండా నాలుగు వైపులా మోకులు పట్టుకుని జనం నడుస్తారు. అన్న కూడా నడుస్తాడన్నాను. పెదనాయన తాడు తెచ్చి అరుగు మీద పడేశాడు.

"తిరునాళ్లలో తప్పిపోయాడా, ఇక జన్మలో వీణ్ణి విప్పమాకండి," అన్నాడు.

సరేనన్నాను. నా నోరు అట్లాంటిది.

అన్న మోకు పట్టుకుని దారంతా నడిచాడు. పెదనాయన సగం దారిలోనే నడుం నొప్పని వెనకొస్తున్న తన ఎడ్లబండెక్కాడు. కొండ కింద ప్రభ నిలిపి అందరూ మోకులు వదిలారు. అమ్మకు మంచినీళ్లు అందించి తల తిప్పేసరికి అన్న లేడు. ప్రభల మధ్య, అంగళ్ల మధ్య గొంతు పోయేలా పిలిచాను. తెల్లవార్లూ వెతికినా దొరకలేదు. ఊరికి పోయి ఇంకా మనుషుల్ని తెద్దామని పెదనాయన బండిలోనే వెనక్కి వచ్చాం. ముందే చెప్పానా లేదా అని ఆయన దారి పొడవునా సణుగుతూనే ఉన్నాడు. నేను ఏడుస్తూనే ఉన్నాను, ఏడుస్తూనే ఆయన్ని లోలోపల తిట్టుకుంటున్నాను.

ఇంటికొచ్చేసరికి అన్న మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల దాకా దుమ్ము. నన్ను చూడగానే, "రాయి తాకా. రొట్టేది?" అన్నాడు.

కొండ కింద ఏ రాయి తాకాడో ఏమో! తాకి, వచ్చిన దారినే ఒక్కడూ నడిచి ఇల్లు చేరాడు. నేను నేర్పింది అదే మరి. మధ్యలో తిరునాళ్ల చూడాలని నేర్పలేదు.

పెదనాయన బండి దిగాడు. చెప్పకుండా వచ్చినందుకు కట్టెయ్యాల్సిందేనంటూ అరుగు మీది తాడు అందుకున్నాడు. నేను ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

"పెదనాయనా, నువ్వు సగం దారిలో బండెక్కావు, మళ్లీ బండెక్కే వచ్చావు. మా అన్న పోను రాను నడిచాడు. ఇప్పుడు చెప్పు, గుంజకు ఎవర్ని కట్టెయ్యమంటావు?"