జగ్గమ్మ కట్టిన తాడు

పగ మనిషిని తినేస్తుందని పురాణాలు చదివినవాళ్ళు చెబుతారు. నేనూ చాలానే చదివాను. చమఖండి జగ్గమ్మను చూశాక మాత్రం పగ తిండి కూడా పెడుతుందని తెలిసింది. ఆమె చిన్నకొడుకు పైడన్న బతికి వల లాగాడంటే అది దేవుడి దయా కాదు, డాక్టరు దయా కాదు.

అప్పటికి గంజాం ఇంకా మద్రాసు కిందే ఉంది. ఛత్రపురం పక్కన సముద్రపొడ్డు పల్లె చమఖండి. జగ్గమ్మ ఛత్రపురం వీధుల్లో చేపలగంప మోసేది. మొగుడు లేడు. పెద్దకొడుకు కూర్మయ్య, చిన్నవాడు పైడన్న ఒకే పడవ మీద వేటకు వెళ్ళేవాళ్ళు. చలికి, ఒళ్ళునొప్పులకు అంటూ ఇద్దరూ నల్లమందు మరిగారు. ఆ మందు కొట్టు ఛత్రపురంలో వైకుంఠరావుది, సర్కారు లైసెన్సుతో. ఇదే సరుకును ఓడల మీద చీనాకు పంపి, వద్దన్నందుకు ఆ దేశం మీద యుద్ధం చేసిన దొరలు, ఇక్కడ ముద్ర వేసి పొట్లం కట్టి అమ్మించేవారు. చరిత్ర పుస్తకంలో అది ఒకటి రెండు పేజీలు. చమఖండిలో అది కూర్మయ్య.

ఒక పొద్దున పడవ ఒడ్డుకు వస్తోంది. అల విరిగేచోట చుక్కాని తెడ్డు పట్టినవాడు రెప్ప వాల్చకూడదు. తెడ్డు పట్టిన కూర్మయ్య మందు మత్తులో కునికాడు. పడవ అలకు అడ్డం తిరిగింది. పైడన్న ఈదుకుంటూ వచ్చాడు. అన్న రాలేదు.

ఆ తరవాత పైడన్న మందు రెట్టింపు చేశాడు. అన్న నీళ్ళలోంచి పిలుస్తున్నాడంటూ లేచి సముద్రంలోకి నడిచేవాడు. బరంపురంలో ఒక వైద్యుడు చూసి, వాల్తేరు పిచ్చాసుపత్రికి పంపండి, లేదంటే ఇంట్లో గొలుసు వేయండి అన్నాడు. జగ్గమ్మ రెండూ వినలేదు. తిన్నగా వచ్చి కులపెద్ద మసేను గుమ్మంలో గంప దించింది.

ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉంది. సముద్రం పిలిచినవాడి నడుముకు వలతాడు కడతారు. రెండో కొసను రాత్రికొక ఇంటివాళ్ళు మణికట్టుకు కట్టుకుని పడుకుంటారు. వాడు లేస్తే వీళ్ళూ లేవాలి. వంతు తప్పిన ఇంటికి వలలో పడిన చేపల్లో పాలు, అంటే వాటా, లేదు. అయితే అది శోకంతో చెదిరినవాళ్ళకే. మందు మరిగినవాడికి అంతవరకూ ఎవరూ కట్టలేదు.

"తాడు దుక్కానికి గాని మత్తుకు కాదు జగ్గీ," అన్నాడు మసేను. "ఆడు తన సేతులారా తిన్నాడు."

"తిన్నాడు. నీ తమ్ముడు తినలేదేటి? మా పక్కింటి దానమ్మ మొగుడు తినలేదేటి? అందరూ ఆ కొట్టుకే గదా మొక్కినారు."

"అయితే ఏటంటావు?"

"కొడుకు మీద పేమకొద్దీ అడగట్లేదు పెద్దా. ఆ వైకుంఠరావు కొట్టు తగలెయ్యడానికి నాకో మగోడు కావాల. మిగిలినోడు ఈడొక్కడే. ఈణ్ణి నిలబెట్టీండి."

అరుగు మీద ఎవరో నవ్వారు. "బాగుసేసి జైలుకి పంపుతావేటే?"

"జైల్లో నల్లమందు కొట్టుండదు గదా."

మసేను నవ్వలేదు. లోపలికి వెళ్ళి తాడు తెచ్చాడు.

మందు మానిన మొదటి రోజులు మనిషివి కావు. ఎముకలు విరుగుతున్నాయని పైడన్న ఇసకలో దొర్లేవాడు. అంబలి తాగిస్తే కక్కేవాడు. పగలు వల లాగే వరసలో అతణ్ణి నడుమ నిలబెట్టేవారు. లాగకపోయినా అడిగేవాళ్ళు లేరు, పట్టుకుని నిలబడితే చాలు, చేపల్లో పాలు వేసేవారు. తన వంతు మర్నాడు దానమ్మ కళ్ళు నులుముకుంటూ, "నా మొగుడు బతికున్నప్పుడు కూడా నన్నిన్ని మార్లు లేపలేదు," అంది.

జగ్గమ్మ వంతు వచ్చినప్పుడు అతను తల్లి మీద విషం కక్కాడు.

"ఆడి కొట్టు తగలెడతావా? నా నాలిక మీద మొదట రాసిందెవులే? గంపెత్తుకుని ఎల్తూ, నాను ఏడవకుండా నువ్వే గదా రాసినావు. ముందు నీ సెయ్యి తగలెట్టుకో."

రాసిన మాట నిజం. గంప మోసే తల్లులందరూ రాసేవాళ్ళే. గోటి చివర ఆవగింజంత నల్లమందు తీసి నాలిక మీద రాస్తే బిడ్డ సాయంత్రం దాకా పడుకుంటుంది. ఎంత రాయాలో ఆ గోటి మీదే పెట్టి చూపించినవాడు వైకుంఠరావు. తాడు కట్టుకున్న చేతినే ఆమె చాలాసేపు చూసుకుంది.

వానలు వెనకబట్టేసరికి పైడన్నకు తిన్నది ఇమిడింది, చేతుల వణుకు తగ్గింది. అన్న పిలుపు ఇంకా వినిపిస్తోంది గాని కాళ్ళు అటు కదలడం మానేశాయి. మసేను తాడు విప్పాడు. ఆ సాయంత్రమే పైడన్న సీసా పట్టుకొచ్చాడు.

"కిరసనాయిలు తెచ్చినానమ్మా. ఎప్పుడెల్దారి?"

"కింద పెట్టు. కొట్టు కాలితే సర్కారు కొత్తది కట్టిత్తాది. ఆడికి కొత్త తలుపు, నీకు జైలు. అంత సవక పగ నాకొద్దు."

"మరేటి సేత్తావు?"

"ఆడు పడుకోబెట్టిన పిల్లల్ని లేపుతాను."

మర్నాడు కొట్టుకు ఎదురుగా తాటాకుల నీడ వేసి, గంప మోయలేని ముసలమ్మల్ని తెచ్చి కూర్చోబెట్టింది. చంకన బిడ్డతో కొట్టు మెట్టెక్కబోయే ఆడదాన్ని తెలుగులోనో ఒడియాలోనో ఆపేది. "ఆ పిల్లని నాకిచ్చి ఎల్లు. ఏడిత్తే ఏడుత్తాది, సావదు." తాడు వంతులే పిల్లల్ని చూసుకునే వంతులయ్యాయి. వంతు తప్పితే వలలో పాలు లేదు, అదే కట్టుబాటు. మందు మానతామంటూ మగవాళ్ళు కూడా ఒక్కొక్కరే మసేను దగ్గరికి తాడు కోసం రాసాగారు.

వైకుంఠరావు మొదట నవ్వాడు. తరవాత వీధి దాటి వచ్చాడు.

"ఎండలో ఎందుకు జగ్గమ్మా, అరుగు మీదికి రా. నేను చట్టం తప్పలేదు. సర్కారు సరుకే అమ్ముతున్నాను."

"తెలుసు బాబూ. నానూ తప్పలేదు. పిల్లల్ని ఎత్తుకుంటన్నాను."

"మీవాడు బాగుపడ్డాడు కదా. ఇంకా ఏమిటి కోపం?"

"ఒకడు బాగుపడ్డాడు. రెండోవోణ్ణి తెచ్చియ్యి, లేచెల్లిపోతాను."

ఆయన వెనక్కి వెళ్ళి కొట్టు తలుపు వేసుకున్నాడు. మరుసటి ఏడు సర్కారు లైసెన్సు వేలంలో ఆ కొట్టును ఆయనా పాడలేదు, ఇంకెవరూ పాడలేదు. తాళం పడిన రోజు దానమ్మ బెల్లం పంచింది. జగ్గమ్మ తన ముక్క నోట్లో వేసుకోలేదు.

"ఆడు పురుషోత్తంపూర్‌లో కొట్టు పాడుకున్నాడంట," అంది.

"పోనీలే వదినా. మన గుమ్మం వదిలినాడు."

"అక్కడ తల్లులుండరేటి?"

దానమ్మ జవాబు చెప్పేలోగా జగ్గమ్మ కొడుకు వైపు తిరిగింది. "పైడన్నా, ఆ పక్క ఎండుసేప బాగా పోద్దా?"

"పోద్దమ్మా."

"గంప కట్టు మరి. ఆ తాడు కూడా ఎయ్యి."