తెరిస్తే మూతపడని చాకు

మా ఇంటి చాకులన్నీ మనుషుల వేళ్ళు తిని బతికాయి. మా నాన్న చాకుకు అసలు లాకే లేదు. రెండు కొయ్యచెక్కలు, మధ్యలో ఒక మేకు, ఆ మేకు మీద తిరిగే ఇనుపరేకు, అంతే. వక్క కోస్తుంటే మధ్యలో దానికి కునుకు పట్టేది. గాలికి తలుపు పడినట్టు టప్పున మూసుకునేది. వేలు లోపలుందా బయటుందా అని చూసుకునే మర్యాద దానికి లేదు.

తర్వాత వెన్నులో స్ప్రింగు ఉన్నది కొన్నాం. మామూలుగా తెరిచే ఉండేది గానీ, కాస్త గట్టిగా నొక్కితే మాట తప్పేది. ఆ తర్వాత మెడకు ఇత్తడి ఉంగరం ఉన్న రకం వచ్చింది. తెరిచాక ఉంగరం తిప్పితే కత్తి బిగుసుకుంటుంది. గొప్ప ఏర్పాటే. కానీ తిప్పడం మరిచిపోయే వంశం మాది. చివరికి, పిడి వెన్ను మీద మీట నొక్కితేనే మూతపడే రకం దొరికింది. మా ఇంటికి వచ్చిన చాకుల్లో పెద్దమనిషి అదొక్కటే. దాంతో మా బావమరిది కొబ్బరికాయ కొట్టి దాని ప్రాణం తీశాడు.

నా భార్య చూపుడు వేలిని కొరికింది ఆ స్ప్రింగు చాకే. మామిడి అంటు కడుతుండగా పుటుక్కున మూసుకుంది. దవాఖానాలో కుట్లు వేశారు. మా వనపర్తి వీధిలో ఏ పెరట్లో మామిడి మొక్క బతికినా ఆమె చేతి చలవే, అలాంటిది ఆ రోజుతో అంటు కట్టడం మానేసింది. తెరిచిన చాకు చూస్తే చాలు, ఆ చేతిని కొంగులో దాచుకునేది.

ఇంతలో లింగాలలోని ఆమె పుట్టింటి చెట్టుకు మూడింది. చిన్న రసాల మామిడి. ఆ పండు తిని చేతులు కడుక్కుంటే పాపమని మా అత్తగారి వంశమంతా నమ్ముతుంది. అలాంటి చెట్టు ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు. బావమరిది ఇల్లు పెంచుతున్నాడు, చెట్టు అడ్డం. అంటు కడితేనే ఆ రకం మిగులుతుంది. నర్సరీ వాళ్ళకు అప్పజెప్పుదామంటే, అంటుకు ఇచ్చిన పుల్లలు మార్చేస్తారని ఈమెకు అనుమానం. చివరకు తానే కడతానంది. వారం ముందే వెళ్ళి, చిగురు కళ్ళు ఉబ్బాలని కోయాల్సిన పుల్లలకు ఆకులు తుంచి వచ్చింది. సంచుల్లో టెంకెలు మొలిపించిన మొక్కలు తమ్ముడి పెరట్లోనే ఉన్నాయి. షరతు ఒక్కటే: నొక్కినా గుద్దినా మూసుకోని చాకు నేను తేవాలి.

నేను గద్వాలలో చుట్టాల ఇంటికి వెళ్ళి ఉండగా పొద్దున్నే ఫోను చేసింది.

"చెట్టు కొట్టేటోల్లు ఇయ్యాలనే వస్తుండ్రంట. చాకు కొన్నవా లేదా?"

"కొంటనే ఉన్న."

"నువ్వు కొనేలోపల గా చెట్టు పొయిలకు పోతది. బయలెల్లు!"

బజారుకు పరుగెత్తాను. దుకాణపాయన నల్లటి చాకు ఒకటి తీసి బొటనవేలితో తోశాడు. తుపాకీ ట్రిగ్గర్ నొక్కినట్టు టక్కుమంది. పిడి లోపలి రేకు ఒకటి పక్కకు జరిగి కత్తి మొదలు వెనుక అడ్డం నిలబడుతుందట, ఏనుగు తొక్కినా మూసుకోదట. మూయడం ఎట్లాగో కూడా చూపించాడు. నేను ఆయన ముఖంలోకి చూస్తూ పండితుడిలా తల ఊపాను. చేతుల్లోకి చూడాల్సింది.

బస్టాండులో ఊరుకోవచ్చు కదా! ఆ టక్కు శబ్దం ఇంకోసారి వినాలనిపించి తెరిచాను. అంతే, ఇక మూసుకోలేదు. పాత అలవాటుతో వెన్ను నొక్కాను. మెడ తిప్పాను. సిమెంటు బల్లకేసి కొట్టాను. బల్ల పెచ్చు ఊడింది. ఇంతలో వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ వెళ్ళే బస్సు వచ్చింది. ఆధార్ కార్డులు పట్టుకున్న ఆడవాళ్ళంతా నా చెయ్యి చూసి రెండుగా చీలి నాకు దారి ఇచ్చారు. నా జీవితంలో బస్సు ఎక్కడానికి నాకు దారి దొరికింది ఆ ఒక్కసారే. కానీ మెట్టు మీద కండక్టరమ్మ నిలబడింది.

"ఓ అన్నా, యాడికి? గా కత్తి మూసి ఎక్కు."

"మూయనీకె వస్తలేదమ్మా. కొత్తది."

"కొత్తదైతె ఏంది, పాతదైతె ఏంది? మూయకుంటె దిగు."

పక్కనున్న పెద్దమనిషికి సాయం చేయమని చాకు చాచాను. దోసకాయల గంప పెట్టుకుని కూర్చున్న అవ్వ కేకేసింది.

"చేతికియ్యకు బిడ్డా, కొట్లాటైతది! కింద పెట్టు!"

కత్తి, ఉప్పు, మిరపకాయ చేతి నుంచి చేతికి ఇవ్వకూడదని నాకూ తెలుసు. కింద పెట్టాను. ఆయన తీసుకుని నొక్కి, కింద పెట్టాడు. ఇంకొకాయన తీసుకుని పళ్ళు కొరుకుతూ నొక్కి, కింద పెట్టాడు. అలా నా చాకు నేల మీదుగా గద్వాల బస్టాండంతా ప్రదక్షిణం చేసి, నోరు తెరుచుకుని నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. అక్కడ లింగాలలో రంపానికి పెట్రోలు పోస్తుంటారు.

"అవ్వా, గా దోసకాయ ఇయ్యి!" అన్నాను.

దాన్ని చేతికే ఇచ్చింది, దోసకాయకు పట్టింపు లేదు. కత్తిని పిడి దాకా దానిలో దించాను. కండక్టరమ్మ కాయను అటూ ఇటూ తిప్పి చూసి, దోసకాయ మీద ఏ నిషేధమూ లేకపోవడంతో విసుక్కుంటూ విజిల్ వేసింది.

వనపర్తిలో నా భార్య ఎక్కి పక్కన కూర్చుంది. నా ఒళ్ళోకి చూసింది.

"గిదేంది? దోసకాయకు పిడి మొలిసిందా?"

జరిగింది చెప్పాను. నాగర్‌కర్నూల్‌లో బస్సు మారేదాకా తిట్టింది. మారాక కూడా ఆపలేదు.

మేము వెళ్ళేసరికి చెట్టుకు తాడు కట్టారు. సన్నగా తుంపర పడుతోంది. రంపం మనిషి, "అక్కా, జర జల్ది కానీ. వాన పెద్దగైతె మాకు పరేషాన్" అన్నాడు. బావమరిది పుల్లలు కోసి సిద్ధంగా పెట్టాడు. నా భార్య దోసకాయలోంచి కత్తి పీకి, కడిగి, తుడిచి, పుల్ల పట్టుకుంది. చూపుడు వేలు కత్తి కిందికి రాగానే ఆగిపోయింది. పుల్ల వదిలేసి ఆ చెయ్యి కొంగులో దాచుకుంది. అందరూ చూస్తున్నారు.

"ఏందే, కొయ్యి" అన్నాను.

"ముందు నీ వేలు పెట్టు."

"నా వేలా?"

"మూసుకోదంటివి కద! పెట్టు. తమ్ముడు నొక్కుతడు."

బావమరిది పిడి పట్టుకున్నాడు. కొబ్బరికాయ కొట్టిన చేతులే. కత్తి మూసుకుంటే పడే చోట నా చూపుడు వేలు ఉంచాను. అది ఎంత చక్కని వేలో అంతవరకు నేను గమనించనే లేదు.

"బావా, కండ్లు మూసుకో" అంటూ వాడు కత్తి వెన్ను మీద ఒళ్ళంతా వేసి వంగాడు. మెడ నరాలు దొండకాయల్లా ఉబ్బాయి. కత్తి కదల్లేదు.

"ఇంకా గట్టిగ" అంది నా భార్య.

"చాలు!" అన్నాను.

"నిన్నడిగిననా?"

వాడు ఇంకోసారి వంగాడు. రేకు అడ్డంగానే నిలబడింది. అప్పుడు ఆమె చాకు తీసుకుంది, తమ్ముడు కింద పెట్టాకనే. పుల్ల చివరను రెండువైపులా చెక్కింది. మొక్క తల కోసి, చీల్చి, పుల్లను దించి, ప్లాస్టిక్ పట్టీ చుట్టింది. మొదటి మొక్కకు ప్రతి కోతకూ ముందు వేలు చూసుకుంది. రెండోదానికి చూసుకోలేదు. తర్వాత నన్ను అటు జరుగు, వెలుగుకు అడ్డం రాకు అని కసురుకుంటూ వరుసగా కట్టింది. వెనుక రంపం మొదలైంది. ఆమె తిరిగి చూడలేదు. చెట్టు పడినప్పుడు నేల అదిరింది, ఆమె ముడి మాత్రం జారలేదు.

అంతా అయ్యాక పిడి లోపలికి తొంగి చూసి, రేకును బొటనవేలితో పక్కకు నెట్టి చాకు మడిచింది.

"దుకాణపాయన చెప్పలేదా?"

"చెప్పిండు."

"మరి?"

"తల ఊపిన."

తిరుగు బస్సులో మొక్కల సంచులు ఆమె ఒళ్ళో, నా ఒళ్ళో. కొన్ని ఎండిపోయాయి. మిగిలినవాటికి కొన్ని వారాలకు రాగిరంగు చిగుళ్ళు వచ్చాయి. వీధిలో వాళ్ళంతా వచ్చి చూశారు. మొక్కలను మెచ్చుకున్నారు, ఆమె చేతిని మెచ్చుకున్నారు, పుల్లలు కోసినందుకు బావమరిదిని కూడా మెచ్చుకున్నారు. లాకు గురించి ఒక్కరూ అడగలేదు. నా వేలి సంగతి నేనే రెండుసార్లు ఎత్తాను. రెండుసార్లూ ఆమె, "మొక్క మీద నీడ పడుతున్నది, జరుగు" అంది.