హారన్ లేని అంతరిక్ష నౌక

మా అన్న ఏ కాలితో కుంటాలో మర్చిపోయిన రోజే నాకు అసలు సంగతి అర్థమైంది. పొద్దున చాయ్‌కి వచ్చినప్పుడు కుడి కాలు ఈడ్చాడు. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ఎడమ కాలు ఈడ్చాడు. విరిగింది కుడిది.

"అన్నా, నొప్పి ఎప్పుడు ట్రాన్స్‌ఫర్ అయింది?" అని అడిగాను.

వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. అన్న మాత్రం ఏమీ సిగ్గుపడలేదు. "నరాలు గుంజుతున్నయి. నరాలు రెండు దిక్కుల ఉంటయి. నీకేమెరుక?" అంటూ కంచం దగ్గరికి లాక్కున్నాడు.

అన్నకు సొంత డీసీఎం బండి ఉంది. జహీరాబాద్ చుట్టుపక్కల పొలాల నుంచి అల్లం, ఆలుగడ్డ ఎక్కించుకుని హైదరాబాద్ మార్కెట్‌కు తోలేవాడు. ఒకరోజు న్యాల్‌కల్ రోడ్డు మలుపులో మేకల మంద అడ్డం వచ్చింది. బండి ఆలుగడ్డ బస్తాలతో సహా పక్క చేలోకి ఒరిగింది. మేకలకు ఏమీ కాలేదు. అన్న కాలు విరిగింది. ఊరివాళ్లు పాపం ముందు అన్ననే మోసుకొచ్చి గట్టు మీద పడుకోబెట్టారు, ఆ తరువాతే ఆలుగడ్డల సంగతి చూసుకున్నారు. గట్టు మీద మూలుగుతున్న మనిషి దగ్గరికి ఒకాయన వచ్చి, "కిలో ఎట్లిస్తున్నవ్?" అని అడిగాడట. ఈ ముక్క అన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ నవ్వుతూ చెప్పేవాడు. దాని ముందు ఏం జరిగిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కట్టు విప్పారు. దవాఖానలో డాక్టరు ఇక బండి తోలుకోవచ్చు అన్నాడు. బండి కూడా బాగై వచ్చి ఇంటి ముందు నిలబడింది. అన్న మాత్రం దాని మొహం చూడటం ఇష్టంలేక పెరటి వాకిలి నుంచి బయటికి పోవడం మొదలుపెట్టాడు. వదిన కొన్నాళ్లు ఓపిక పట్టి, ఆ తరువాత బండి తొట్టిలో మిరపకాయలు ఎండబోసింది.

ఒక మధ్యాహ్నం ఆమె నా షాపులోకి వచ్చి స్టూలు మీద కూలబడింది. "మీ అన్న బండి అమ్మేటట్టున్నడు. కోహీర్ సేఠ్‌తోని మాట్లాడుతుండు. బండి పోతే ఇంట్ల కూసొని నా పాణం తింటడు, ఆయన పాణం ఆయన తింటడు. ఏదన్న చెయ్యవే."

ఇంటి ముందు గదిలోనే నా ఫ్లెక్స్ డిజైన్ షాపు. నాయకుల పుట్టినరోజు బ్యానర్లలో మొహాలు తెల్లబరచడానికి మంచి కంప్యూటర్ కావాలని అందరికీ చెప్పి, అప్పట్లో ఊళ్లో ఎవరికీ లేని గ్రాఫిక్స్ కార్డు వేయించాను. మొహాలు తెల్లబరచడానికి అంత కార్డు అక్కర్లేదు. నేను ఆటలాడతాను. ముప్పై అయిదేళ్లు దాటిన ఆడది కంప్యూటర్‌లో ఆటలాడటమేమిటని ముక్కున వేలేసుకునేవాళ్లు వేసుకోవచ్చు, ముక్కు వాళ్లదే.

ఆ రోజుల్లో నేను రెండు అంతరిక్ష ఆటల మధ్య కొట్టుమిట్టాడుతున్నాను. రెండింటిలోనూ నౌక నడపాలి, సరుకు వేసుకోవాలి, ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి చేర్చాలి. మొదటిది ఫుల్ మీల్స్ లాంటిది. ధర ఎక్కువే గాని ఒకసారి కడితే అన్నీ అందులోనే, కొత్త నౌక కావాలంటే ఆటలోనే కష్టపడి సంపాదించుకోవాలి. రెండోదానిలో లోపలికి పోవడం చవక. ఆ తరువాత ప్రతి మంచి నౌకకూ మన జేబులోంచి అసలు రూపాయలు అడుగుతారు. వదిన మాట వినగానే నాకు ఉపాయం తట్టింది. అన్నను ఈ నౌకల మీద కూర్చోబెడితే చేతికి మళ్లీ ధైర్యం వస్తుంది కదా! అందులో నాకు ఆట కొనుక్కునే సాకు కూడా దొరికింది. అబద్ధం ఎందుకు, ఉపాయంలో సగం నా కోసమే.

అన్నకు ముందు రెండోదాన్ని చూపించాను. తెర మీద ఒక పెద్ద సరుకుల నౌక బొమ్మ మెరుస్తోంది. అన్న కళ్లు కూడా మెరిశాయి.

"ఇది ఇప్పుడు ఉన్నదా?"

"ఇంకా తయారు కాలే అన్నా. బొమ్మే ఉంది. ఇప్పుడు కొంటే తక్కువ, తయారైనంక ఎక్కువ."

గడపలో చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న వదిన తలెత్తింది. "మన ప్లాటు లెక్కనా?"

హైవే పక్కన వెంచర్ అని, క్లబ్ హౌస్ అని, బస్సులో తీసుకెళ్లి బిర్యానీ పెట్టి అమ్మిన ప్లాటు అది. ఇప్పుడు అక్కడ ఆర్చి ఒక్కటే మిగిలింది. దాని కింద ఎవరో కందికట్టె ఆరేసుకుంటారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండో ఆట పేరు వెంచర్.

అయినా వెంచర్ వాళ్లు కొన్ని రోజులు ఊరికే ఆడుకోనిచ్చారు. ఊరికే వచ్చేదాన్ని వద్దనేంత గొప్పవాళ్లం కాదు మేము. అన్న మొదటి రోజు నౌక దగ్గరికి పోయే లిఫ్టులోనే ఇరుక్కున్నాడు. రెండో రోజు నౌకలో నడుస్తూ నడుస్తూ నేల లోంచి జారి నేరుగా ఆకాశంలో పడ్డాడు. ఆ తరువాత కొండకు గుద్దాడు. కాసేపట్లోనే కొత్త నౌక వచ్చి నిలబడింది, పైసా ఖర్చు లేదు. అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "మస్తుగున్నదే! పడ్డా ఏం గాదు!" నేను కూడా సంబరపడిపోయాను. ఇన్నాళ్లకు మనిషి నవ్వాడు, ఇదే కొనేద్దామనుకున్నాను.

ఆ సాయంత్రమే అన్న కోహీర్ సేఠ్‌కు ఫోన్ చేసి, వచ్చి బండి చూసుకొమ్మన్నాడు.

వదిన నన్ను వంటింట్లోకి లాగింది. "నవ్వుడు గాదే నాకు కావాల్సింది, తోలుడు. ఏ ఆట కొంటే ఈ మనిషి బండెక్కుతడో అది కొను. లేకుంటే రెండూ బంద్ వెట్టు."

మిగిలింది ఫుల్ మీల్స్. ఆటలు అమ్మే వెబ్‌సైటులో దాని పక్కనున్న గుండె గుర్తు నొక్కి, నచ్చినవాటి లిస్టులో పెట్టుకున్నాను. వెనుక నుంచి చూస్తున్న అన్న నెత్తి కొట్టుకున్నాడు.

"నచ్చిందని ఎందుకు చెప్పినవే? నచ్చిందంటే వాడు రేటు దించుతడా?"

"అన్నా, అవతల మనిషి లేడు. కంప్యూటర్."

"కంప్యూటర్ ఎనక ఎవడో ఒకడు గల్ల పెట్టె ముందట కూసుంటడు గద. ఇగ జూడకు. కొననట్టే పో. ఎనక నుంచి పిలుస్తడు."

మా బజారులో ఇది తెలియని మనిషి లేడు. రేటు అడగాలి, మొహం మాడ్చుకోవాలి, చెప్పులేసుకుని మెల్లగా కదలాలి. మెల్లగా అంటే మరీ మెల్లగా, షాపువాడికి మనసు మార్చుకునే టైము ఇవ్వాలి. వాడు పిలవకపోతే వాడి రేటే ఖాయం. పిలిస్తే గెలుపు మనది. నేను అన్న పిచ్చికి లోపల నవ్వుకుని ఊరుకున్నాను. ఎటూ పంచాయతీ వార్డుకొకటి చొప్పున బ్యానర్ల పని నెత్తి మీద ఉంది.

కొన్నాళ్లకు మెయిల్ వచ్చింది. మీకు నచ్చిన ఆట ఇప్పుడు బాగా తగ్గింపు ధరకు అని. అన్న అది చదివించుకుని వాకిట్లోకి పోయి అందరికీ వినబడేలా అరిచాడు. "పిలిచిండు! నేను జెప్పలే? ఎనక నుంచి పిలిచిండు!" ఆ వారమంతా మా ఇంట్లో అన్న మాటకు తిరుగు లేదు.

సరే, కొన్నాం. ఇందులో లిఫ్టులు లేవు, బొమ్మలు లేవు. నౌకను స్టేషన్ లోపలికి పెట్టాలంటే ముందు పర్మిషన్ అడగాలి, సన్నటి ద్వారం లోంచి నెమ్మదిగా పోవాలి. గుద్దితే నౌక పోయినట్టే, ఆటలో సంపాదించిన సొమ్ములోంచి మళ్లీ కట్టాలి. అన్న జాయ్‌స్టిక్కు పట్టుకుని కూర్చున్నాడు. అన్నీ చూపించాను. అంతా విని ఒకే ప్రశ్న వేశాడు.

"హారన్ ఏది?"

"లేదు అన్నా. అంతరిక్షంలో గాలి ఉండదు. హారన్ కొట్టినా వినపడదు."

"హారన్ లేని బండి బండెట్లయితది? పిచ్చి లేసిందా వీళ్లకు?"

ద్వారం దగ్గర ముందు ఒక నౌక అడ్డంగా, పెళ్లికి పోతున్నట్టు తీరిగ్గా కదులుతోంది. అన్న మెడ నరాలు ఉబ్బాయి. "జరుగు రా బై, జరుగు!" అంటూ బొటనవేలితో ఒక మీట గట్టిగా, మళ్లీ మళ్లీ నొక్కాడు. ఇంత మంచి స్టిక్కు చేసినవాడు హారన్ పెట్టకుండా ఉంటాడా, అదెక్కడుందో నాకే తెలియదని ఆయన నమ్మకం. అది తుపాకీ మీట. ముందున్న నౌకకు మంట అంటుకుంది. స్టేషన్ ఫిరంగులన్నీ ఒక్కసారి మా వైపు తిరిగాయి. ఏం జరిగిందో అర్థమయ్యేలోపే నౌక ముక్కలు ముక్కలైంది.

నేను కుర్చీలోంచి కిందపడేలా నవ్వాను. హారన్ కొట్టి చచ్చిన మొదటి అంతరిక్ష యాత్రికుడు మా అన్నే అని ఏదో వాగుతున్నాను కూడా. తల తిప్పి చూస్తే అన్న మొహంలో నెత్తురు లేదు. చెయ్యి ఇంకా ఆ మీట మీదే ఉంది. చొక్కా తడిసిపోయింది. లేచి బయటికి పోయాడు, ఏ కాలూ ఈడ్వకుండా.

నేను వెనకాలే పోయాను. బండికి వీపు తిప్పి అరుగు మీద కూర్చున్నాడు.

"ఆనాడు మేకలు అడ్డమొచ్చినయి గద," అన్నాడు. "బ్రేకు కొట్టాలె. నేను హారన్ కొట్టిన. కొట్టుకుంటనే ఉన్న. జరుగుతయనుకున్న. చెయ్యి హారన్ మీదికి పోయింది గని కాలు బ్రేకు మీదికి పోలే." అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "మేకలు గనక సరిపోయింది. మళ్ల గట్లనే అయితే? ఈసారి మేకలు గాకపోతే?"

మా అన్న భయపడుతున్నాడని తెలుసు గాని, భయం రోడ్డు గురించి అనుకున్నాను. ఆయనకు తన చెయ్యంటేనే భయం. పక్కన కూర్చుని, "మల్ల ఆడుదాం రా" అన్నాను.

మర్నాడు తనే వచ్చాడు. "ఆ మీట తీసెయ్యి. నొక్కినా ఏం కావొద్దు." తీసేశాను. ద్వారం దగ్గరికొచ్చేసరికి వేలు అలవాటుగా దాని మీదికే పోయేది. ఏమీ జరిగేది కాదు. అప్పుడు వేగం తగ్గించేవాడు. తగ్గించకపోతే నౌక పోయేది, కష్టపడి సంపాదించిందంతా పోయేది. పోయిన ప్రతిసారీ నన్నే తిట్టేవాడు. "పడ్డా ఏం గాని ఆట ఉండంగ దీన్ని ఎందుకు కొన్నవే?" అని ఒకసారి నేనే కావాలని అడిగాను, ఆయన గొంతు అనుకరిస్తూ. అన్న తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. "వెంచర్ల తోలితే నవ్వొస్తది. గంతే. ఇందుల తోలితే కాలు బ్రేకు దేవులాడుతది." నిజమే, కుర్చీ కింద ఆయన కుడి కాలు నేలను అదుముతూనే ఉండేది. అక్కడ బ్రేకేమీ లేదు, నా చెప్పులున్నాయి.

నా కంప్యూటర్ నాకు దక్కకుండా పోయింది. ఒక బ్యానర్ ఆలస్యమై ఒక నాయకుడు ఒకరోజు లేటుగా పుట్టాడు. అన్న మాత్రం ద్వారం ముందు, "నువ్వు పో భాయ్, నాకేం తొందర లే" అని తెరలోని నౌకలకు దారి ఇస్తున్నాడు. ఇంటి ముందు బండి అలాగే ఉంది. దాన్ని ఒక్కరోజూ ముట్టుకోలేదు.

అప్పుడు, ఎన్నడో రమ్మన్న కోహీర్ సేఠ్ వచ్చాడు.

బైకు దిగి, బండి చుట్టూ తిరిగాడు. టైరును తన్నాడు. తొట్టిలో మిరపకాయలు చూసి తుమ్మాడు. రేటు చెప్పాడు. అన్న తన రేటు చెప్పాడు. అదేమీ పెద్ద తేడా కాదు, ఒక్క పిలుపు దూరం.

"నై హోతా," అన్నాడు సేఠ్ తల అడ్డంగా ఊపుతూ. "పోత మరి."

కదిలాడు. ఎంత అందంగా కదిలాడని! నాలుగు అడుగులు వేసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మోగని ఫోన్ ఎత్తి ఎవరితోనో మాట్లాడాడు. బైకెక్కి, తాళం చెవి కోసం లేని జేబులు కూడా వెతికాడు. చాయ్ గ్లాసులతో గడపలో వదిన ఆగిపోయింది. పిలిస్తే బండి పోతుంది. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అన్న పెదాలు ఆడుతున్నాయి. పిలవొద్దు అన్నా, నీకు దండం పెడతా, పిలవొద్దు అని నేను లోపల మొత్తుకుంటున్నాను.

సేఠ్ బైకు స్టార్ట్ చేశాడు. మెల్లగా వదిలాడు.

"సేఠ్!" అని అన్న అరిచాడు.

సేఠ్ వెనక్కి తిరిగాడు. గెలిచిన మొహం, పళ్లన్నీ కనిపిస్తున్నాయి.

"స్టాండ్!" అన్నాడు అన్న, చేత్తో కిందికి చూపిస్తూ. "సైడ్ స్టాండ్ తియ్యలే! మలుపుల పడ్తవ్!"

సేఠ్ కిందికి చూసుకుని, కాలితో స్టాండ్ వెనక్కి తన్నాడు. ఇంకేమైనా మాట వస్తుందేమోనని కాసేపు అక్కడే ఆగాడు. రాలేదు. వెళ్లిపోయాడు.

అన్న స్టాండ్ చూపించిన తన చేతిని ఒకసారి చూసుకున్నాడు. బండి దగ్గరికి పోయి టైరును తను కూడా ఒకసారి తన్నాడు, కుడి కాలితో. వదిన వైపు చూడకుండా, "మిరపకాయలు తియ్యి. రేపు అల్లం లోడున్నది," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. వదిన ఏడవలేదు. గ్లాసులు అరుగు మీద పెట్టి, కొంగు బిగించి, తొట్టిలోకెక్కి మిరపకాయలు ఎత్తడం మొదలుపెట్టింది.