దులుపులక్క చేతులు

మా వరసలో మూడో ఇంటావిడకు దులుపులక్క అని పేరు పెట్టింది నేనే. కూర్చోబోయే ముందు కుర్చీని, తొడుక్కోబోయే ముందు చెప్పుల్ని, చివరికి చదవబోయే ఉత్తరాన్ని కూడా దులిపే మనిషిని ఇంకేమని పిలవాలి? ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో మాసిన బట్టలు వేరుచేయడం పద్దెనిమిదేళ్లుగా ఆమె పని. ప్రతి దుప్పటినీ రెండు కొసలు పట్టి ఫటఫటా దులిపి మరీ మిషన్లో వేస్తుంది. ఊరికే కాదు లెండి. చెంచాలు, పెన్నులు, ఒకసారి పళ్లసెట్టు కూడా అలా దులిపితేనే రాలాయి.

ఎదురుబల్ల దగ్గర పనిచేసేది ఆమె కోడలే. ఆ పిల్లకి అయిదో నెల కడుపు. అప్పుడే లాండ్రీలో ముగ్గురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రి నర్సు వచ్చి మాస్కులు, చేతితొడుగులు ఇచ్చి, మాసిన దుప్పట్లను దులపొద్దని, మురికివైపు లోపలికి చుట్టి సంచిలో పెట్టమని చెప్పింది. దులుపులక్క బుద్ధిగా మాస్కు అందుకుంది. పెట్టుకునే ముందు దాన్నీ దులిపింది.

"ఇన్నేళ్లు దులిపాను, నాకేమైంది? దుక్కలా ఉన్నాను!"

"మీకేం కాదు అత్తయ్యా, మీరు దులిపేదంతా నా మొహాన పడుతోంది."

"అబ్బో, నేనేదో రాళ్లు రువ్వుతున్నట్టు!"

ఈ గొడవ చెవిన పడ్డాక నాకు కాలు నిలిచిందా? కోడలుపిల్ల నీళ్లసీసా మరిచిపోయిందన్న వంకతో మర్నాడే వెళ్లాను. సరిగ్గా అప్పుడే ఉతికిన దుప్పటి ఒకటి నర్సు తెప్పించి, అందులో మొహానికి రాసుకునే పౌడరు ఒంపి, మడిచి దులుపులక్క చేతిలో పెట్టింది.

"మీ పద్ధతిలోనే కానివ్వండమ్మా."

ఫట్! బల్ల, కిటికీ, గుమ్మంలో నిలబడ్డ నా ముక్కు, అన్నీ తెల్లబడ్డాయి. అందరం విరగబడి నవ్వాం. దులుపులక్క ఒక్కతే నవ్వలేదు. కోడలి కనురెప్పల మీద, మాస్కు మీద, గుండ్రంగా ముందుకొచ్చిన కడుపు మీద సన్నటి తెల్లపొడి.

"రోజూ ఇంత పడేదా పిల్లా నీ మీద?"

"ఇవాళ కంటికి కనిపించింది, అంతే అత్తయ్యా."

దులుపులక్క తిన్నగా సూపర్‌వైజరు దగ్గరికి నడిచింది. "దీన్ని ఇస్త్రీ గదికి పంపండి. నా చేతులు ఒక్కరోజులో మాట వినే రకం కాదు."

"మరి ఇక్కడ ఇద్దరి పని?"

"నేను చేస్తాను."

తరవాత నర్సు వైపు తిరిగింది. "సరేనమ్మా, దులపను. లోపల చెంచా ఉంటే ఎట్లా తెలుస్తుంది?"

"బల్ల మీదే మెల్లగా విప్పి, చూసి, లోపలికి చుట్టేయండి."

"మెల్లగా అంటే ఎంత మెల్లగా?"

"నిద్రపోయే పసిపిల్ల కింద తడిగుడ్డ తీసేంత మెల్లగా."

"ఓస్, అదైతే నాకు వచ్చు."

మాసిన దుప్పటి అందుకుంది. అలవాటు కొద్దీ చేతులు భుజాల దాకా లేచాయి. గదిలో అందరం ముక్కులు మూసుకున్నాం. "దిగండే" అని తన చేతుల్నే కసిరి కిందికి దించి, అంచులు ఒక్కొక్కటే లోపలికి మడిచింది. ఆ ఒక్క దుప్పటికే పది నిమిషాలు పట్టింది. ఇస్త్రీ గది అద్దాల తలుపు అవతల కోడలు కన్నార్పకుండా చూస్తూ నిలబడింది, ఇస్త్రీపెట్టె కింద దిండుగలీబును నిక్షేపంగా మాడ్చేస్తూ.