మడ్డి తీసిన రక్తం

చెరకు రసం మరిగేటప్పుడు పైకి తేలే మడ్డిని ఎప్పుడు తియ్యాలో ఎర్రిబాబుకు ఒకరు చెప్పక్కర్లేదు. అనకాపల్లి చుట్టుపక్కల గానుగల దగ్గర బెల్లం వండడమే అతని బతుకు. అందుకే సుగరు, గుండె జబ్బులకు తోడు కిడ్నీలు కూడా పాడై విశాఖపట్నంలో డయాలసిస్ మొదలుపెట్టినప్పుడు కూడా పెద్దగా భయపడలేదు. ఎలా ఉందని బావమరిది రాజుబాబు అడిగితే నవ్వాడు.

"ఏటీ నేదు బావా. నానింతకాలం రసానికి సేసిందే ఆ మిషను నా రత్తానికి సేత్తంది. మడ్డి తీత్తంది."

"అయితే నిన్ను బెల్లం దిమ్మ కట్టి మార్కెట్టుకి తోలీవచ్చు."

"తోలు. నల్లబెల్లమని రేటు కట్టరు."

నీలవేణి కూడా నవ్వింది. ఆ పోలిక మొగుడికి ధైర్యమిచ్చిందని సంతోషపడింది. కానీ మిషను మడ్డితోపాటు సుగరునీ తీసేస్తోందని అతను అనుకుంటున్నట్టు ఆమెకు తెలియదు. డయాలసిస్ రోజున ఇన్సులిన్ మానేశాడు. నెమ్మదిగా మిగతా రోజులూ మానేశాడు. గుండె మాత్రలు గూట్లోనే ఉండిపోయాయి.

ఒక సాయంత్రం గానుగ దగ్గర పాతవాళ్లతో కూర్చుని ఇంటికొచ్చాడు. కాళ్లు కడుగుతుంటే నీలవేణి చూసింది, అరికాలు కాలి ఉంది. నిప్పు తొక్కిన సంగతే అతనికి తెలియలేదు. అది పుండైంది. వేళ్లు నల్లబడ్డాయి.

డాక్టరు ఇద్దరి ముందూ చెప్పాడు. "కిడ్నీ జబ్బొక్కటే అయితే మిషనుతో చాలా ఏళ్లు నెట్టుకురావచ్చు. నీకు సుగరుంది, గుండె బలహీనంగా ఉంది. మా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామందిని తీసుకుపోయేవి అవే. ముందు రెండు వేళ్లు తీసెయ్యాలి. ఆలస్యమైతే కాలు, ఆపైన ప్రాణం."

తిరుగు రైల్లో ఎర్రిబాబు గొణుగుతూనే ఉన్నాడు.

"రత్తం సుబ్బరమయ్యేక సుగరెక్కడుంటాది? ఆళ్లకి కొయ్యడం సరదా."

నీలవేణి అడిగింది.

"మావా, మడ్డి తీసీసేక రసం సప్పగయిపోతాదేటి?"

అతను ఆమెవైపు తిరిగాడు.

"తీపలాగే ఉంటాది గదా. నేకపోతే బెల్లమెలా అవుతాది?"

అనకాపల్లిలో రైలాగింది. ఆమె భుజం పట్టుకుని దిగి, ప్లాట్‌ఫాం మీద ఊపిరి తీసుకున్నాడు.

"రేపే పోదాం. రెండు వేళ్లేగా."

వేళ్లు పోయాయి. ఇన్సులిన్ సూది ఆమె చేతిలోకి వచ్చింది. మాత్రలు ఆమె ఎదురుగానే మింగేవాడు. ఆ ఏటి చెరకు కాలంలో పొయ్యికి దూరంగా కుర్చీ వేయించుకుని, కుర్రాళ్ల వంటకు వంకలు పెడుతూ కూర్చున్నాడు. మరుసటి ఏడూ కూర్చున్నాడు. గుండె మాత్రం అప్పటికే అలిసిపోయింది. ఒక ఉదయం ఆసుపత్రికి బయల్దేరుతూ, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే గోడకు ఒరిగిపోయాడు.

దినకర్మలయ్యాక నీలవేణి ఒక్కతే విశాఖపట్నం వెళ్లింది. డయాలసిస్ గదిలో నర్సు బేబి ఎదురైంది.

"ఆయన రాడమ్మా. ఆ మంచం ఇంకొకలకి ఇచ్చీండి."

బేబి అడిగింది. "కాలికేమైనా అయిందా?"

"నేదమ్మా, గుండి. కాలు మానిపోనాది."